పది నంబరు సాకెట్

సోమవారం ఉదయం బండ్ల షెడ్డులోకి డోనట్ల పెట్టెలు వచ్చాయంటే వాటి వెనకే కాలేజీ కూడా వచ్చిందని అర్థం. ఆ కాలేజీకి ఓ పెద్ద పేరుంది, గద్దబొమ్మ ముద్ర ఉంది. ఆ షెడ్డులో పనిచేసే సైనికుల దళం, అంటే ప్లటూన్‌లో మాత్రం ఎవరూ ఆ పేరు పలకరు, డోనట్ కాలేజీ అంటారు. చదువంతా ఫోన్లోనే. సైనికులు చదువుకుంటే ఫీజు సైన్యమే కడుతుంది కనుక ఆ కాలేజీవాళ్ళు డోనట్లే కాదు, అడిగితే పల్లకీ కూడా మోసుకొస్తారు.

ఆ పూట నోయెమి మెర్కాడో పెద్ద ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని, టార్చిలైటు నోట కరుచుకుని, బ్రేకు గొట్టాల బిగింపులు ఒక్కొక్కటే వేలితో తడిమి చూస్తోంది. సోమవారం ప్రతి బండినీ పరీక్ష చెయ్యాలని రూలు. చాలామంది టైరును బూటుతో ఓ తాపు తన్ని, అన్నీ చూశామన్నట్టు టిక్కులు పెట్టేసి నీడకు పోతారు. టెక్సస్ ఆగస్టులో ట్రక్కు కింద దూరడం ఎవరికి సరదా? నోయెమికీ సరదా కాదు. కానీ చూడకుండా టిక్కు పెడితే ఆమెకు ఆ రోజంతా పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

ఆమె తల పక్కన రెండు బూట్లు వచ్చి ఆగాయి. షెడ్డు మొత్తానికి దుమ్మంటని బూట్లు సార్జెంట్ ట్యాగర్ట్‌వే.

“మెర్కాడో! చదువు కాళ్ళరిగేలా నడిచి నీ దగ్గరికొస్తే నువ్వు కింద దాక్కుంటావేం? రా బయటికి.”

నోయెమి జారుకుంటూ బయటికొచ్చి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడింది. సార్జెంట్ ముందు అలాగే నిలబడాలి, ముక్కు మీద గ్రీజు కారుతున్నా సరే. ట్యాగర్ట్ ఆ ప్లటూన్‌ను నడిపే మనిషి. అతని పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ట్యాబ్ పట్టుకుని కెండ్రిక్ నిలబడ్డాడు. అతనూ ఒకప్పుడు సార్జెంటే, ఇప్పుడు డోనట్ కాలేజీ మనిషి.

“అందరూ చేరారు. నువ్వొక్కదానివే మిగిలావు,” అన్నాడు ట్యాగర్ట్. “శుక్రవారం కల్నల్ గారికి మా ప్లటూన్ నూటికి నూరు అని చెప్పబోతున్నాను. తొంభై ఏడులూ తొంభై ఎనిమిదులూ నా నోటికి రావు. ఆ ట్యాబ్ మీద వేలు పెట్టు.”

“నేను ఊళ్ళో కాలేజీలో చేరదామనుకుంటున్నాను సార్జెంట్. గురువారం సాయంత్రం లెక్కల ప్రవేశపరీక్ష ఉంది.”

“లెక్కలా?” కెండ్రిక్ నిజంగానే జాలిపడ్డాడు. “మా దగ్గర లెక్కల జోలికి పోకుండానే డిగ్రీ చేతికొస్తుంది కదమ్మా!”

“అందుకేనండీ వద్దంటున్నాను. నేను ఇంజనీరింగ్ చదవాలి.”

పక్క బండి బానెట్‌లో తల దూర్చి ఉన్న విడ్మర్‌కు ఆ మాట వినిపించింది. అతను బారెడు మనిషి, నోరు ఇంకా బారెడు. తల బయటికి తీసి, గ్రీజు చేతులు రెండూ జోడించాడు.

“అమ్మా ఇంజనీరమ్మా! మా బండ్ల మీద కూడా కాస్త దయుంచు తల్లీ!”

షెడ్డంతా నవ్వింది. ఆ పేరు ఆ క్షణానే ఆమెకు అతుక్కుపోయింది.

ట్యాగర్ట్ నవ్వలేదు. అతని ఆఫీసు గదిలో, కుర్చీకి సరిగ్గా వెనక, గోడ మీద ఫ్రేము కట్టించిన డిగ్రీ ఒకటుంది. దాని మీద ఆ గద్దబొమ్మే ఉంది. ఎడారిలో గుడారాల్లో పడుకుని, కునుకు మానుకుని తెచ్చుకున్న డిగ్రీ అది.

“అయితే నా గోడ మీదున్నది నీ కంటికి ఆనడం లేదన్నమాట.”

“అలా అనలేదు సార్జెంట్.”

“అనక్కర్లేదు. ముఖాన రాసుంది.” అతను కెండ్రిక్ భుజం తట్టి అక్కణ్ణుంచి కదిలాడు. “శుక్రవారం దాకా టైముంది. ఈలోగా బుర్ర చల్లబడుతుందిలే.”

ఆమె బుర్ర చల్లబడే వీలు లేదు. సైన్యంలో ఆమెకు ఇంకా రెండేళ్ళుంది. ఊళ్ళో కాలేజీలో రెండేళ్ళ చదువు పూర్తిచేస్తే, బట్టలు మార్చుకున్నంత సులువుగా నేరుగా యూనివర్సిటీ మూడో ఏడాదిలోకి వెళ్ళొచ్చు. ఈ గురువారం పరీక్ష తప్పితే మళ్ళీ పరీక్ష నవంబరులో. నవంబరుకల్లా ప్లటూన్ కాలిఫోర్నియా ఎడారిలో యుద్ధ విన్యాసాల్లో ఉంటుంది. అంటే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే లెక్క మొత్తం తప్పుతుంది.

మంగళవారం నాటికి మరో సంగతి బయటపడింది. నూటికి నూరుమందీ చదువులో చేరిన ప్లటూన్‌కు వచ్చే సోమవారం సెలవని కల్నల్ మాటిచ్చాడట. ఆ మాట తెలిశాక భోజనాల హాల్లో నోయెమి పళ్ళెం పెట్టిన బల్ల ఖాళీ అయిపోయింది. పెట్‌వే అనే కుర్ర డ్రైవరొక్కడే లేవకుండా ఉన్నాడు. అదీ ప్రేమతో కాదు.

“నా కూతుర్ని చూసి మూడు నెలలైంది,” అన్నాడు మాంసం ముక్కను ఫోర్కుతో పొడుస్తూ. “ఓక్లహోమాలో ఉంది. సోమవారం సెలవొస్తే వెళ్ళొద్దామనుకున్నా. నీ పుణ్యమా అని అదీ పోయేలా ఉంది.”

“అందులో నేను చెయ్యగలిగిందేముంది?”

“చేరి మానెయ్. మేమంతా చేస్తోంది అదే కదా!”

“మానేస్తే నాకు ఈ ఏడాదికి సైన్యమిచ్చే ఫీజంతా అక్కడే పోతుంది పెట్‌వే. ఊళ్ళో కాలేజీకి ఏం మిగలదు.”

“నీ చదువు నీకు. నా కూతురు నాకు.” అతను పళ్ళెం తీసుకుని లేచాడు.

ఆ మధ్యాహ్నమే పెట్‌వేకు ఇంకో దెబ్బ తగిలింది. నీళ్ళ కోసం వెళ్తూ హెల్మెట్‌ను ట్రక్కు మెట్టు మీద పెట్టి వెళ్ళాడు. వచ్చి చూస్తే లేదు. షెడ్డంతా గాలించాడు, చెత్తడబ్బాలు తిరగేశాడు. సాయంత్రం దాకా వెతకనిచ్చి, అప్పుడు ట్యాగర్ట్ తన ఆఫీసు గదిలోంచి హెల్మెట్ పట్టుకుని బయటికొచ్చాడు. “తాళం వెయ్యని వస్తువు శత్రువుదే!” అన్నాడు అందరికీ వినబడేలా. తర్వాత పెట్‌వే చేతులు వణికి నేల కరిచేదాకా దండీలు తీయించాడు. సైన్యంలో ఇది కొత్తేమీ కాదు. ప్రతి సార్జెంటూ చేసేదే, ఎవరూ తప్పు పట్టరు. నోయెమి కూడా పట్టలేదు.

బుధవారం పని అయ్యాక ఆమె పరీక్ష సీటు ఖాయం చేసుకోవడానికి చర్చి వెనకున్న చదువుల ఆఫీసుకు వెళ్ళింది. రెండు గదులు, ఒక వాటర్ కూలరు, ముసలి మిస్ ఓపల్. లోపల ఎవరో ఉన్నారు, తలుపు ఓరగా వేసి ఉంది. నోయెమి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

“మూడేళ్ళు చదివానండీ,” అంటోంది లోపలి గొంతు. ఆ గొంతు అంత మెత్తగా మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. అందుకే అది విడ్మర్‌దని పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది.

“చదివావు నాయనా, కాదన్నానా? కానీ ఊళ్ళో కాలేజీవాళ్ళు ఇందులో ఒక్క సబ్జెక్టు కూడా ఒప్పుకోమంటున్నారు. యూనివర్సిటీకి కూడా రాసి చూశాను. వాళ్ళదీ అదే మాట.”

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటి కూడా. చదువుకోవాలనుంటే మళ్ళీ మొదటి మెట్టు నుంచే.”

తలుపు తెరుచుకుంది. విడ్మర్ టోపీ చేత్తో నలుపుతూ బయటికొచ్చి, బెంచీ మీద నోయెమిని చూసి ఆగిపోయాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి.

“ఎప్పట్నుంచి ఉన్నావిక్కడ?”

“ఇప్పుడే వచ్చాను.”

“అబద్ధమాడకు.” అతను వంగి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడాడు. “ఈ సంగతి షెడ్డులో ఎవరి నోటైనా వినిపించిందో, నువ్వు చెప్పావనే అనుకుంటా. ఆ తర్వాత నీ ఖర్మ.”

అతను వెళ్ళిపోయాక ఆమెకు కోపం ముంచుకొచ్చింది. తాను చేసిన తప్పేమిటి? బెంచీ మీద కూర్చోవడమా? సోమవారం నుంచి ఈ మనిషి నోట పడి నలుగుతున్నది తను. బెదిరింపులు కూడా తనకేనా? అంతలోనే ఇంకొకటి తోచింది. ఇన్నాళ్ళూ ట్రక్కు కింద దూరకుండా టిక్కు పెట్టేవాళ్ళను చూసి ఆమె చిరాకుపడేది. ఈ మనిషి నిజంగానే మూడేళ్ళు కింద దూరాడు, తీరా అక్కడ బండే లేదు.

“ఆరింటికి తలుపు వేసేస్తారు,” అంది మిస్ ఓపల్ సీటు ఖాయం చేస్తూ. “బతిమాలినా తియ్యరు. మిలిటరీ కార్డు మర్చిపోకు తల్లీ.”

గురువారం మధ్యాహ్నం ట్యాగర్ట్ అందరినీ వరసలో నిలబెట్టి చదువు గురించి ఉపన్యాసమిచ్చాడు.

“చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఒక్క మనిషి మూలాన ఇంతమంది సెలవు పోతోంది. మెర్కాడో! అదిగో, విడ్మర్‌ను చూసి నేర్చుకో. మూడేళ్ళుగా చదువుతున్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే డిగ్రీ. ఏం విడ్మర్?”

“అవును సార్జెంట్,” అన్నాడు విడ్మర్. అతని చూపు నేలమీద ఉంది.

అందరి కళ్ళూ నోయెమి మీదే. ఒక్క మాట చాలు. ఆ డిగ్రీ సంగతేమిటో నిన్న విన్నానని అంటే చాలు, తన మీదున్న వేళ్ళన్నీ అటు తిరుగుతాయి. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. విడ్మర్ మెడ మీద నరం ఉబ్బి కొట్టుకోవడం ఆమెకు కనబడుతూనే ఉంది.

“నేర్చుకుంటున్నాను సార్జెంట్,” అని ఊరుకుంది.

వరస చెదిరాక ఆమె ట్రక్కు పక్కన టూల్‌బాక్సు తెరుచుకుని పనిలో పడింది. ఆ పెట్టెల్లో నల్లటి స్పాంజి పలకలుంటాయి. ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఒక గుంట. ఒకటి తగ్గితే ఊడిన పన్నులా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఆ గుంటలన్నీ నిండితేనే ఇళ్ళకు పోవాలి. ఒక్కటి ఖాళీగా ఉన్నా ప్లటూన్ మొత్తం ఆగిపోవాలి. ఇంజనులో పనిముట్టు వదిలేస్తే ప్రాణాలు పోతాయి కనుక ఆ రూలుకు ఎదురులేదు.

“మెర్కాడో! ఉన్నపళంగా రా!” ఆఫీసు గుమ్మంలోంచి ట్యాగర్ట్ అరిచాడు.

సార్జెంట్ ఉన్నపళంగా రమ్మంటే పరిగెత్తాలి. ఆమె పరిగెత్తింది, పెట్టె మూత తెరిచే ఉండిపోయింది. గదిలో కెండ్రిక్ ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాడు. ట్యాగర్ట్ “మాట్లాడుతూ ఉండండి, ఇప్పుడే వస్తా” అని బయటికెళ్ళాడు. కెండ్రిక్ తన కూతురి గురించి, డిగ్రీలేని బతుకు గురించి, డిగ్రీతోపాటు ఇచ్చే గద్దబొమ్మ ఉంగరం గురించి చెప్పుకుపోయాడు. ట్యాగర్ట్ తిరిగొచ్చి, వేలు పెట్టలేదని తెలిసి, “సరే, పో” అన్నాడు. అంత తేలిగ్గా వదిలాడేమిటా అని ఆమె ఆశ్చర్యపోయింది.

అయిదింటికి పెట్టెలన్నీ వరసగా తెరిచారు. నోయెమి పెట్టెలో ఓ మూల చిన్న గుండ్రటి గుంట ఖాళీగా ఉంది. నట్లు బిగించే పది నంబరు సాకెట్ లేదు.

ఆ రోజు ఆ సాకెట్‌తో ఆమెకు పనే పడలేదు.

“తలుపులు మూయండి,” అన్నాడు ట్యాగర్ట్ తాపీగా. “దొరికేదాకా ఎవరూ కదలొద్దు. ఎవరి చలవో మీకు తెలుసుగా.”

ముప్పైమంది నేలమీద పాకారు. గ్రీజు తట్టలు వొంపారు, టైర్ల వెనక చేతులు పెట్టి తడిమారు. “ఇంజనీరింగ్ చదువుతుందట, సాకెట్ దాచుకోవడం చేతకాదు గానీ,” అని ఒకరు. “లెక్కల్లో ఒకటి తీసివేత వచ్చినట్టుంది!” అని ఇంకొకరు. పెట్‌వే ఆమె పక్కనుంచి పోతూ భుజంతో గట్టిగా గుద్దుకుని పోయాడు. గోడ గడియారంలో ముల్లు ఆమె చూసినప్పుడల్లా దూకుతోంది. ఊళ్ళోకి వెళ్ళాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది.

ట్యాగర్ట్ ఆమెను గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు.

“ఒక్క వేలు పెట్టు మెర్కాడో. సాకెట్ సంగతి రేపు చూసుకుందాం.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఏడుపొచ్చింది. ఇతని ముందు ఏడవకూడదని పళ్ళు బిగించింది.

“వద్దు సార్జెంట్.”

“అయితే సరే.” అతను వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు. “మీరంతా పొండి! ఈసారికి పెట్టె ఎవరిదో వాళ్ళే ఉంటారు. సాకెట్ దొరికేదాకా నేనూ ఉంటాను, రూలు రూలే.”

జనం ఊపిరి పీల్చుకుని చేతులు తుడుచుకున్నారు. నోయెమి మోకాళ్ళ మీద కూలబడి, అప్పటికే చూసిన చోటే మళ్ళీ చూడసాగింది.

“సార్జెంట్, ఒక్క మాట.”

విడ్మర్ తన పెట్టె దగ్గర్నుంచి లేచి వస్తున్నాడు. అతని రెండు వేళ్ళ మధ్య పది నంబరు సాకెట్ ఉంది.

“ఇది మెర్కాడోది. పొద్దున అడక్కుండా వాడుకున్నా. మర్చిపోయి నా పెట్టెలో పెట్టేశాను.” అతను వంగి ఆ సాకెట్‌ను ఆమె పెట్టె గుంటలో వేసి బొటనవేలితో నొక్కాడు. “పోయింది నాది. వచ్చి చూసుకోండి, నా పెట్టెలో గుంట ఖాళీ.”

“అబద్ధం!” అన్నాడు ట్యాగర్ట్.

“అవునా సార్జెంట్?” విడ్మర్ గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు. “మీకెలా తెలుసు?”

తలుపు దాకా వెళ్ళినవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. ట్యాగర్ట్ కుడిచెయ్యి ప్యాంటు పక్కజేబు మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. నోయెమి ఆ చేతిని చూసింది. మంగళవారం నాటి హెల్మెట్ గుర్తొచ్చింది. తాళం వెయ్యని వస్తువు శత్రువుదే. పెట్‌వేకు తిరిగి ఇచ్చిన వస్తువు తనకెందుకు ఇవ్వలేదో, అయిదు దాటేదాకా ఎందుకు ఆగాడో అప్పుడు తెలిసింది. విడ్మర్ అబద్ధమాడుతున్నాడని రుజువు చెయ్యాలంటే అతను ఆ జేబులో చెయ్యి పెట్టాలి, ఇంతసేపూ నేలమీద పాకించిన ఇంతమంది ఎదుట ఆ సాకెట్ బయటికి తియ్యాలి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈ గొయ్యి మరీ చిన్నది, పది మిల్లీమీటర్లది.

చెయ్యి జేబు మీంచి కిందికి జారింది.

“మెర్కాడో పెట్టె నిండింది కదా సార్జెంట్, ఆమెను పోనివ్వండి,” అన్నాడు విడ్మర్. “దొరికేదాకా మనిద్దరం వెతుకుదాం. ఆ మూల మీరు చూడండి, ఈ మూల నేను చూస్తా.”

“పో,” అన్నాడు ట్యాగర్ట్ ఆమె వైపు చూడకుండా.

ఆమె పరిగెత్తింది. కారు వెనక్కి తిప్పుతుంటే షెడ్డు లోపలిదంతా కనిపించింది. విడ్మర్ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. సార్జెంట్ ట్యాగర్ట్ దుమ్మంటని బూట్లతో, దుమ్ములో మోకాళ్ళూని, టార్చిలైటు పట్టుకుని, తన జేబులో ఉన్నదాని కోసం ట్రక్కు కింద వెతుకుతున్నాడు.

కాలేజీ తలుపు మూస్తున్న మనిషి ఆమె గ్రీజు చేతుల్ని, చెమట బట్టల్ని చూసి ఓ క్షణం ఆగాడు. ఆ క్షణం సరిపోయింది. పరీక్ష ఫలితం అక్కడికక్కడే తెరమీద వచ్చింది. నోయెమి దాన్ని రెండుసార్లు చదువుకుని, కార్లో కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

శుక్రవారం వరసలో ట్యాగర్ట్ ముక్తసరిగా చెప్పాడు. సాకెట్ దొరికింది. సోమవారం సెలవు లేదు. పెట్‌వే నోయెమి వైపు చూడనైనా చూడలేదు, ఆమెకూ అతని వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

“ఇక మంగళ గురువారాలు క్లాసులని అయిదింటికల్లా ఎగిరిపోతావన్నమాట,” అన్నాడు ట్యాగర్ట్ ఆమె ముందు ఆగి.

“అవును సార్జెంట్. కెప్టెన్ గారు సరేనన్నారు.”

“ఆ రోజుల్లో షెడ్డు ఎవరు ఊడుస్తారు? మీ కెప్టెన్ గారా? తెల్లారకముందే వచ్చి ఊడువు.”

“సరే సార్జెంట్.”

విడ్మర్ బానెట్ తుడవడానికి గుడ్డ పట్టుకుని వెళ్ళాడు. ఆమె కూడా ఓ గుడ్డ తీసుకుని అటువైపు నిలబడింది.

“రాత్రి ఎంతసేపు వెతికారు?”

“సార్జెంట్ గారికి ఆకలేసేదాకా. ఆకలేశాక గానీ అది దొరకలేదు.”

“నిన్న నా పెట్టెలోంచి ఆయన తీస్తుంటే నువ్వు చూశావు కదూ?”

“పక్క ట్రక్కు కింద ఉన్నాను. ఆ బూట్లు ఎవరివో తెలీదా?” అతను గుడ్డ దులిపాడు. “ఎక్కువ ఊహించుకోకు, నీ కోసం చెయ్యలేదు. నిన్న మధ్యాహ్నం నువ్వు నోరు మూసుకున్నావు. బాకీ చెల్లు.”

“సరే.”

తర్వాత విడ్మర్ ఎవరూ దగ్గర్లో లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ పరీక్షలో ఏమడుగుతారు?”

నోయెమి తుడవడం ఆపింది. దుమ్ము పట్టిన బానెట్ మీద వేలితో రెండు సమీకరణాలు ఒకదాని కింద ఒకటి రాసింది. విడ్మర్ వాటివైపు చాలాసేపు చూసి, పక్కన తన వేలితో ఏదో రాశాడు. తప్పు. ఆమె దాన్ని అరచేత్తో చెరిపేసింది. అతను తిట్టుకుని, మళ్ళీ మొదలెట్టాడు.

“ఏమిటా రాతలు?” ఆఫీసు గుమ్మంలోంచి ట్యాగర్ట్ అరిచాడు. “బండి తుడవండి!”

“తుడుస్తాం సార్జెంట్,” అన్నాడు విడ్మర్ తలెత్తకుండా. “ఈ లెక్క తేలనివ్వండి.”